సరస్సులో ఇల్లు... బేరానికి లేదు!

టొరంటోలో ఉంటున్న మనవాళ్లని ఇళ్ల ధరల గురించి కదిపితే చాలు, గంటసేపు ఏకరువు పెడతారు. బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్ అద్దె, మిస్సిసాగాలో టౌన్‌హౌస్ వాయిదా, ఎప్పుడు పెరుగుతుందో తెలియని వడ్డీ... ఆ గోడుకి అంతుండదు. అదే నగరంలో, బ్యాంకుల భవనాలూ సీఎన్ టవరూ కొలువుదీరిన నడిబొడ్డుకి సరిగ్గా ఎదురుగా, ఒంటారియో సరస్సులోని చిన్న దీవుల మీద 262 ఇళ్లున్నాయి. చుట్టూ చెట్లు, నాలుగడుగులేస్తే నీళ్లు. కార్ల మోత వినపడదు, అక్కడికి సొంత కార్లని రానివ్వరు కాబట్టి. పడవెక్కితే పావుగంటలో డౌన్‌టౌన్.

ఇలాంటి ఇల్లు మార్కెట్లో పెడితే ఎంత పలుకుతుందో ఎవరికి వాళ్లు లెక్కేసుకోవాల్సిందే. నిజంగా పెట్టడానికి మాత్రం వీల్లేదు. ఈ ఇళ్లకు బ్రోకర్లు లేరు, పోటీ బేరాలు లేవు. అమ్మేవాళ్లు తమకు నచ్చిన ధర చెప్పకూడదు, నచ్చినవాళ్లకి ఇవ్వకూడదు. ఖాళీ అయిన ఇల్లు వరసలో ముందున్నవాళ్లకి, చట్టం చెప్పిన లెక్క ప్రకారం వెళ్తుంది.

ఇంత కటువైన షరతుకి ఏ కాలనీవాళ్లయినా సంతకం పెడతారా? టొరంటో దీవులవాళ్లు పెట్టారు. పైగా ఆ సంతకం పెట్టే అవకాశం కోసమే దాదాపు పాతికేళ్లు కోర్టుల చుట్టూ, కౌన్సిల్ చుట్టూ తిరిగారు. ఒకరోజైతే ఊరు ఊరంతా వంతెన దగ్గర నిలబడింది. వాళ్ల వెనక ఉన్నది ఒక కాలనీ సంఘం. పేరు టొరంటో ఐలాండ్ రెసిడెంట్స్ అసోసియేషన్. పుట్టింది 1969లో.

తుపాను కోసిన గండి

ఇవి పుట్టుకతో దీవులు కావు. టొరంటోకి తూర్పున, స్కార్‌బరో దగ్గర, సరస్సు ఒడ్డున నిటారుగా లేచిన మట్టిగుట్టలున్నాయి. అలలు వేల ఏళ్లుగా వాటిని కోసుకుంటూ ఆ ఇసుకని పడమటి వైపు తోసుకొచ్చి మేట వేశాయి. అలా ఏర్పడిన పొడవాటి ఇసుకతిన్నె ఒక కొసన ఒడ్డుని అంటుకుని ఉండేది. దాని వెనక తెరపిగా నిలిచిన నీళ్లలోనే టొరంటో రేవు వెలిసింది. 1858 ఏప్రిల్ 13న వచ్చిన తుపాను ఆ తిన్నెని ఒడ్డు నుంచి తెంచేసింది. అక్కడున్న హోటల్ కొట్టుకుపోయింది. గండి మళ్లీ పూడలేదు. రేవులోకి తూర్పు నుంచి వచ్చే పడవలకి ఇప్పటికీ దారి అదే.

అంతకు ఎన్నో తరాల ముందే ఇక్కడికి మనుషులు వచ్చేవారు. మిస్సిసాగా ఆదివాసులకి ఈ తిన్నె జబ్బుచేసినవాళ్లు కోలుకునే చోటు. ఇప్పుడు తెలుగు కుటుంబాలు చాలానే ఉన్న మిస్సిసాగా నగరానికి ఆ పేరు వాళ్ల నుంచి వచ్చిందే. 1787లో బ్రిటిష్‌వాళ్లు ‘టొరంటో కొనుగోలు’ పేరుతో వాళ్ల నేల తీసుకున్నారు, 1805లో అదే ఒప్పందాన్ని మళ్లీ రాయించుకున్నారు. దీవులతో సహా ఆ మొత్తం లావాదేవీ మీద నడిచిన పేచీ 2010లో గానీ తెగలేదు. కెనడా ప్రభుత్వం 14.5 కోట్ల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. కాబట్టి ఈ కథలో ‘ఇది మా నేల’ అని ఎవరన్నా సరే, వాళ్లకంటే ముందు అనదగ్గవాళ్లు ఇంకొకరున్నారని గుర్తుంచుకోవాలి.

1808లో ఇక్కడ రాతి దీపస్తంభం కట్టడం మొదలుపెట్టారు. గ్రేట్ లేక్స్ ప్రాంతంలో ఇప్పటికీ నిలిచి ఉన్న అతి పాత దీపస్తంభాల్లో అదొకటి. దాని మొదటి కాపలాదారు రాడెల్‌ముల్లర్ 1815 జనవరి 2న హత్యకు గురయ్యాడు. అతని దయ్యం ఇంకా మెట్లెక్కుతూ దిగుతూ ఉంటుందని దీవుల్లో పిల్లలకి చెప్పుకొనే కథ. పాత ఊరన్నాక ఒక దయ్యమైనా లేకపోతే ఎలా?

1830 ప్రాంతంలో డేవిడ్ వార్డ్ అనే జాలరి కుటుంబంతో వచ్చి తూర్పు కొసన స్థిరపడ్డాడు. 1862లో అతని కొడుకు విలియం, ఇంకా మీసం రాని కుర్రాడు, తోబుట్టువులైన అయిదుగురు ఆడపిల్లల్ని పడవలో షికారుకి తీసుకెళ్లాడు. పడవ తిరగబడింది. అయిదుగురూ మునిగిపోయారు. అతనొక్కడే మిగిలాడు. ఆ తర్వాత జీవితమంతా తుపానుల్లో చిక్కినవాళ్లని ఒడ్డుకి చేర్చినవాడిగా విలియం వార్డ్‌కి పేరొచ్చింది. తూర్పు కొసని వార్డ్స్ ఐలాండ్ అనడం ఆ కుటుంబం వల్లే. పడమటి కొసకి హాన్లన్స్ పాయింట్ అనే పేరు మరో కుటుంబం నుంచి వచ్చింది. ఆ ఇంటి కొడుకు నెడ్ హాన్లన్ 1880 నుంచి 1884 దాకా తెడ్డు పడవల పోటీల్లో ప్రపంచ చాంపియన్. ఆ కొసనే ఉన్న బేస్‌బాల్ మైదానంలో 1914 సెప్టెంబరు 5న బేబ్ రూత్ అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు వృత్తి క్రీడాకారుడిగా తన మొదటి హోమ్ రన్ కొట్టాడు. అమెరికాలో ఆ పేరుకున్న విలువేమిటో అక్కడున్న మన పిల్లల్ని అడిగితే చెబుతారు.

డేరాలకి గోడలు మొలిచాయి

నగరంలో డబ్బున్నవాళ్లు మధ్య దీవి ఒడ్డున వేసవి భవంతులు కట్టుకున్నారు. తూర్పు కొసకి వచ్చింది మాత్రం సాదాసీదా జనం. 1899 వేసవిలో వార్డ్స్ ఐలాండ్ మీద డేరా వేసుకున్నవాళ్లు ఎనిమిదిమందే. సీజనుకి అద్దె పది డాలర్లు. జూన్‌లో వచ్చి, చలిగాలి మొదలవగానే డేరా చుట్టి వెళ్లిపోవాలి. ఏటేటా వచ్చేవాళ్లు పెరిగారు. 1913 నాటికి డేరాల మధ్య నడవడానికి చోటు లేక, నగరపాలక సంస్థే గీతలు గీసి వీధులు ఏర్పాటుచేసింది. ఫస్ట్ స్ట్రీట్ నుంచి సిక్స్త్ స్ట్రీట్ దాకా ఇప్పటికీ ఉన్న సన్నటి బాటలు అవే.

ఆ డేరాలు ఇళ్లయిన తీరు భలేగా ఉంటుంది. ముందు, కింద తేమ ఎక్కకుండా చెక్కలతో నేల పరిచారు. తర్వాత, వంట చేసుకోవడానికి వెనకవైపు ఒక చెక్క గది కలిపారు. ఆ తర్వాత ముందువైపు వరండా వచ్చింది. నేల, వంటిల్లు, వరండా అమరాక ఇక మిగిలింది గుడ్డ గోడల స్థానంలో చెక్క గోడలు పెట్టడమే. ఈ ఇళ్లు అంత చిన్నగా, అంత దగ్గర దగ్గరగా ఉండటానికి కారణం అదే. అవి డేరా కొలతల్లో పుట్టిన ఇళ్లు.

1937లో పడమటి కొసన విమానాశ్రయం కట్టాలని నిర్ణయించినప్పుడు హాన్లన్స్ పాయింట్ ఇళ్లకి మూడింది. ఖాళీ చేయమన్నారు, కావాలంటే పక్కనున్న సన్‌ఫిష్ దీవి మీద స్థలం ఇస్తామన్నారు. జనం ఇళ్లని వదిలేసి వెళ్లలేదు. ఇళ్లనే పునాదుల మీంచి లేపి, బల్లకట్టు మీదికెక్కించి, నీళ్ల మీదుగా తరలించుకుపోయారు. అలా 31 ఇళ్లు పడవ ప్రయాణం చేశాయి. సన్‌ఫిష్ దీవికి తర్వాత అల్గాంక్విన్ అని పేరుపెట్టారు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక నగరంలో ఇళ్ల కరువొచ్చి పడింది. దీవుల మీద చలికాలం కూడా ఉండొచ్చని అధికారులే అనుమతి ఇచ్చారు. 1950ల మొదట్లో దీవుల పొడవునా 630 దాకా ఇళ్లుండేవి. సినిమా హాలు, బౌలింగ్ ఆట స్థలం, హోటళ్లు, దుకాణాలు, డాన్సు హాళ్లు... పడవ దిగితే ఒక చిన్న పట్టణంలోకి అడుగుపెట్టినట్టే.

ఒకటే లోటు. ఇళ్లు వాళ్లవి, నేల ప్రభుత్వానిది.

‘దయచేసి గడ్డి మీద నడవండి’

1953లో ఒంటారియో ప్రభుత్వం టొరంటో నగరాన్నీ చుట్టూ ఉన్న శివారు పట్టణాలనీ కలిపి, మొత్తం పదమూడింటి మీద మెట్రోపాలిటన్ టొరంటో అనే పెద్ద పాలకమండలిని పెట్టింది. అందరూ దాన్ని మెట్రో అనేవారు. దాని మొదటి అధ్యక్షుడు ఫ్రెడరిక్ గార్డినర్ తలచింది చేసి తీరే రకం. సరస్సు ఒడ్డు వెంబడి ఆయన కట్టించిన ఎక్స్‌ప్రెస్‌వే ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఆ రోడ్డు కింద ఒడ్డున ఉన్న పార్కుల నేల చాలా పోయింది. పోయిన పచ్చదనానికి బదులు ఎక్కడ చూపించాలి? ఎదురుగా దీవులున్నాయిగా! 1956లో దీవులు నగరం చేతిలోంచి మెట్రో చేతికి వెళ్లాయి. లీజు గడువు ముగిసిన ఇంటిని ముగిసినట్టే పడగొట్టుకుంటూ వచ్చారు. పదిహేనేళ్లలో మధ్య దీవిలోని బజారు వీధి, సినిమా హాలు, భవంతులు, హోటళ్లు అన్నీ నేలమట్టమయ్యాయి. తూర్పున వార్డ్స్, అల్గాంక్విన్ దీవుల మీద రెండొందల యాభై ఇళ్లు మాత్రం మిగిలాయి.

మెట్రో వాదనని తేలిగ్గా తీసిపారేయలేం. నగరానికి అంత దగ్గర్లో, అంత అందమైన ప్రజల నేల మీద కొన్ని వందల మంది కారుచవగ్గా కాపురం ఉంటే, మిగతా లక్షల మంది చూస్తూ ఊరుకోవాలా? అపార్టుమెంట్ల పదో అంతస్తులో పిల్లల్ని పెంచుతున్న శివారు కుటుంబాలకి ఆదివారం గడపడానికి ఒక పచ్చటి చోటు అక్కర్లేదా? ఆ పార్కుని చక్కగానే చేశారు కూడా. మెట్రో పార్కుల కమిషనర్ టామీ థాంప్సన్ ‘దయచేసి గడ్డి మీద నడవండి’ అని బోర్డులు పెట్టించాడు. గడ్డిమీద కాలు పెడితే ఈల ఊదే పార్కులు చూసి పెరిగిన మనకి అది విడ్డూరంగానే ఉంటుంది. ఇప్పుడు ఏటా పది లక్షల మందికి పైగా ఈ పార్కుకి వస్తారు. వేసవి వారాంతాల్లో ఫెర్రీ టెర్మినల్ దగ్గర బారులో నిలబడితే పులిహోర డబ్బాలతో బయల్దేరిన తెలుగు కుటుంబాలూ కనిపిస్తాయి.

చిక్కల్లా ఒక్కచోటే ఉంది. పార్కు కావాలంటే ఊరు పోవాలా? రెండూ ఉండకూడదా? సంఘం పట్టుకున్న దారం ఇదే.

సంఘం లెక్క

1969లో టొరంటో ఐలాండ్ రెసిడెంట్స్ అసోసియేషన్ ఏర్పడేనాటికి, వార్డ్స్, అల్గాంక్విన్ దీవులకి ఎవరి క్లబ్బులు వాళ్లకున్నాయి. వాటి పనల్లా ఆటపాటలు, విందులు, వేసవి సంబరాలు. కొత్త సంఘం పని వేరు. ఇళ్లు కూల్చకుండా ఆపాలి. చేతిలో పట్టా లేదు, లీజు ముగిసిపోయింది, ఎదుట ఉన్నది ప్రభుత్వం. చట్టం వైపు నుంచి చూస్తే గెలిచే కేసు కాదు.

అయినా సంఘం ఒక సంగతి సరిగ్గా పసిగట్టింది. ఎదుట ఉన్న ప్రభుత్వం ఒకటి కాదు, మూడు. మెట్రోలో శివారు పట్టణాల ప్రతినిధుల మాట గట్టిగా చెల్లేది. వాళ్లకి దీవులంటే ఆదివారం పార్కు. టొరంటో నగర కౌన్సిల్‌కి మాత్రం ఆ ఇళ్లలో ఉన్నవాళ్లు సొంత ఓటర్లు. వీటిపైన ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం ఉంది, చట్టం మార్చగలిగింది అదొక్కటే. జీహెచ్ఎంసీ ఒకటి చెబితే హెచ్ఎండీఏ ఇంకోటి చెప్పడం ఎరిగిన హైదరాబాదీలకి ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. 

కాలం కూడా కలిసొచ్చింది. అప్పుడే టొరంటోలో పాత పేటల్ని కూల్చి ఎక్స్‌ప్రెస్‌వేలు వేయడం మీద జనం తిరగబడుతున్నారు. నగరాల గురించి రాసి పేరు తెచ్చుకున్న జేన్ జేకబ్స్ న్యూయార్క్ వదిలి 1968లో ఇక్కడికే వచ్చి స్థిరపడ్డారు, ఆ ఉద్యమంలోకీ దిగారు. 1971లో రాష్ట్ర ప్రీమియర్ బిల్ డేవిస్ స్పడైనా ఎక్స్‌ప్రెస్‌వేని సగంలో ఆపేశాడు. ఆ మరుసటేడు డేవిడ్ క్రాంబీ మేయర్‌గా గెలిచాడు. ఆయనతోపాటు పాత పేటల్ని కాపాడతామన్న కొత్త తరం కౌన్సిల్లోకి వచ్చింది. 1973లో ఆ కౌన్సిల్ దీవుల ఊరిని ఉంచాలని 17–2 ఓట్లతో తీర్మానించింది. పదేళ్ల ముందు ఇదే ప్రతిపాదన పెట్టి ఉంటే వినేవాళ్లే ఉండేవారు కాదు.

మెట్రో మాత్రం పట్టు వీడలేదు. కేసులు కింది కోర్టు నుంచి పైకోర్టుకి, అక్కడి నుంచి ఇంకా పైకి నడిచాయి. చట్టం మెట్రో పక్షానే ఉంది. చివరికి ఇళ్లు స్వాధీనం చేసుకోవడానికి ఉత్తర్వులు చేతికొచ్చాయి.

వంతెన మీద ఊరంతా

1980 జులై 28, సోమవారం. ఖాళీ చేయమనే కాగితాలు పట్టుకుని షెరీఫ్, ఆయన మనుషులు దీవికి వచ్చారు. అల్గాంక్విన్ దీవికి వెళ్లాలంటే ఒకటే దారి, నీటి పాయ మీద ఉన్న సన్నటి కాలినడక వంతెన. ఆ వంతెన దగ్గర దాదాపు ఊరంతా గుమిగూడి ఉంది. ముసలివాళ్లు, పిల్లల్ని చంకనెత్తుకున్న తల్లులు, దండుగా ఏర్పడి పసుపుపచ్చ హెల్మెట్లు పెట్టుకున్న వాలంటీర్లు, వీళ్లందరి మీదా గురిపెట్టిన విలేకరుల కెమెరాలు.

రాళ్లు పడలేదు, లాఠీలు లేవలేదు. సంఘం పెద్దలు ముందుకొచ్చి షెరీఫ్‌తో మాట్లాడారు. కాగితాలు ఇవ్వకుండానే ఆయన్ని వెనక్కి వెళ్లడానికి ఒప్పించారు. అదే రోజు, అటు ఒడ్డున, వాళ్ల లాయర్లు మళ్లీ అప్పీలు చేసుకునే హక్కు సంపాదించారు. వంతెన మీది దృశ్యమే జనానికి గుర్తుండిపోయింది గానీ, కోర్టులో ఆ పని జరక్కపోయి ఉంటే షెరీఫ్ మర్నాడే తిరిగొచ్చేవాడు. ఈ సంఘం గొప్పదనం ఆ రెండు పనుల్నీ ఒకే రోజున, ఒకదానికొకటి అందేలా నడపడంలో ఉంది. ఊరేగింపులు చేసే సంఘాలు చాలా ఉంటాయి, కేసులు వేసేవీ ఉంటాయి. రెండూ తెలిసినవి తక్కువ.

కెమెరాల ముందు వందల మందిని ఈడ్చి పారేయడానికి ఏ రాజకీయ నాయకుడూ సిద్ధంగా లేడు. రాష్ట్ర ప్రభుత్వం న్యాయవాది బ్యారీ స్వాడ్రన్‌తో విచారణ సంఘం వేసింది. ఊరిని ఉండనివ్వమని ఆ సంఘం 1981లో చెప్పింది. ఆ ఏడాది డిసెంబరు 18న చట్టం వచ్చింది. 2005 దాకా ఉండొచ్చన్నారు. కత్తి మెడ మీంచి తీశారు గానీ ఒరలో పెట్టలేదు. ఎన్నాళ్లుంటామో తెలియని ఇంటికి పైకప్పు ఎవరు మార్పిస్తారు? బ్యాంకు అప్పెవరిస్తారు? 1980లంతా ఆ ఇళ్లు అలా చివికిపోతూనే ఉన్నాయి.

1990లో బాబ్ రే నాయకత్వంలో న్యూ డెమొక్రటిక్ పార్టీ ఒంటారియోలో గెలిచింది. 1993లో దీవుల నివాసుల కోసం ప్రత్యేక చట్టం తెచ్చింది. అయిదేళ్లు గడిచాయో లేదో, 1998 జనవరి 1న అసలు మెట్రోనే రద్దయి మహానగరంలో కలిసిపోయింది. ఊరిని లేపేయాలనుకున్న సంస్థ తానే లేచిపోయింది, ఊరు మిగిలింది!

గెలిచి ఏం వదులుకున్నారు?

1993 చట్టం దీవులవాళ్లకి నేల రాసివ్వలేదు. దాన్ని ఒక ట్రస్టు పర్యవేక్షణలో పెట్టి, నివాసులకి 99 ఏళ్ల లీజు ఇచ్చింది. ఆ గడువు 2092లో ముగుస్తుంది. లీజుకి డబ్బు కట్టారు. అప్పటికే తాము కాపురముంటున్న ఇళ్లని చట్టబద్ధంగా సొంతం చేసుకున్నారు. దానికి బదులు, మార్కెట్ ధరకి అమ్ముకునే హక్కుని శాశ్వతంగా వదులుకున్నారు. 

ఇల్లు అమ్మాల్సివస్తే, అలాంటి ఇల్లు కట్టడానికయ్యే ఖర్చులోంచి పాతబడినందుకు తరుగు తీసి ధర కడతారు. ఎదురుగా సరస్సు కనబడుతోందనీ, డౌన్‌టౌన్ దగ్గరనీ పైసా కలపరు. లీజు సొమ్ము మీద పెంపు కూడా చట్టం ఒప్పుకున్న మేరకే. వారసత్వంగా భార్యకో భర్తకో పిల్లలకో ఇవ్వొచ్చు. ఏడాదికోసారి వచ్చి సేదతీరే విడిదిల్లుగా ఉంచుకోవడం కుదరదు, అక్కడే కాపురముండాలి.

మనకి ఇది ఓ పట్టాన మింగుడుపడదు. ఇల్లంటే మన లెక్కలో సగం ఆస్తి. కొన్ననాడు గజం ఎంత, ఇవాళ ఎంత అన్నది పెళ్లిళ్లలోనూ మాట్లాడుకునే విషయం. హైదరాబాద్‌లో ‘లేక్ వ్యూ’ అన్న రెండు ముక్కలు చేరిస్తే ఫ్లాటు రేటే మారిపోతుంది. ఆ చెరువు నిండు నీటి హద్దు (ఎఫ్‌టీఎల్) ఎక్కడిదాకా, బఫర్ జోన్ ఎక్కడిదాకా అన్న ప్రశ్న తర్వాతెప్పుడో వస్తుంది. 2024 ఆగస్టులో దుర్గం చెరువు చుట్టుపక్కల కాలనీల గోడల మీద రెవెన్యూ అధికారులు నోటీసులు అంటించినప్పుడు అక్కడి కాలనీ సంఘాలూ కోర్టు మెట్లెక్కాయి. అక్కడ గొడవ నీటికీ ఇంటికీ మధ్య, టొరంటోలో పార్కుకీ ఇంటికీ మధ్య. రెండు తగాదాలూ ఒకటి కావు. అయితే ప్రజల నేల పక్కన ఇల్లున్నవాళ్లు, ఆ నేల వల్ల తమ ఇంటికి పెరిగే విలువని వదులుకోవడానికి ఒప్పుకోవచ్చన్న ఊహ మన ఏ కాలనీ సర్వసభ్య సమావేశంలోనూ ఇంతవరకు వినపడినట్టు లేదు.

విమర్శకుల నోరు దీంతో పూర్తిగా మూతపడలేదు. దీవిలో పుట్టిన పిల్లలకి వారసత్వంగా వచ్చేది, బయటివాళ్లకి దశాబ్దాలు ఎదురుచూసినా రానిది అయినప్పుడు, అది సమానత్వం ఎలా అవుతుందని అడిగేవాళ్లున్నారు. అడగదగ్గ ప్రశ్నే. కాకపోతే, లాభం చూసుకునే వీలు లేదు కాబట్టి ఆ ఇళ్లు కోటీశ్వరుల విడిదులు కాలేదు. లీజు ఇచ్చి అమ్మకాన్ని మార్కెట్‌కి వదిలేసి ఉంటే ఈపాటికి డేరాల కొలతలో ఉన్న ఆ ఇళ్ల చోట గాజు భవంతులు లేచేవన్నదీ ఖాయం.

చలికాలం, వరద

వేసవిలో చూసి ఈ దీవుల మీద మనసు పారేసుకున్నవాళ్లు జనవరిలో ఒకసారి రావాలి. పర్యాటకులుండరు. మూడు రేవులకి తిరిగే పడవల్లో రెండింటికి సెలవు. ఇళ్లున్న వార్డ్స్ రేవుకి మాత్రం, 1963 నాటి ఓంగియారా అనే గట్టి పడవ మంచుగడ్డల్ని తోసుకుంటూ నడుస్తుంది. చివరి పడవ తప్పితే రాత్రికి నగరంలో ఎవరింట్లోనో తలదాచుకోవాలి. దీవి మీద సూపర్ మార్కెట్ లేదు. బియ్యం బస్తా దగ్గర్నుంచి బట్టలుతికే మిషన్ దాకా అన్నీ పడవలోనే రావాలి. రేవు దిగాక చేతిబండి లాక్కుంటూనో, సైకిలు వెనక ట్రాలీ కట్టుకునో ఇంటికి చేర్చాలి. అల్గాంక్విన్‌వాళ్లయితే అదే బండిని గడ్డకట్టిన మంచులో ఆ వంతెన ఎక్కించి దించాలి. పెద్ద తరగతుల పిల్లలకి బడి అటు ఒడ్డునే. ఈ కష్టాల వల్లే కావచ్చు, ఇక్కడ పొరుగింటివాళ్ల తలుపు తట్టకుండా ఎవరికీ రోజు గడవదు. సంఘానికి బలం అక్కడి నుంచే వచ్చిందని చరిత్ర తెలిసినవాళ్లు అంటారు.

2017 వసంతంలో ఒంటారియో సరస్సు రికార్డు స్థాయికి పొంగింది. దీవుల పార్కుని మే నెలలో మూసేశారు. మళ్లీ తెరిచింది జులై 31న. ఆ మూడు నెలలూ పడవలు నివాసుల కోసమే నడిచాయి. నగర సిబ్బందితో కలిసి దీవులవాళ్లు ఇసుక బస్తాలు పేర్చారు, ఇళ్ల కిందికి చేరిన నీళ్లని పంపులతో తోడిపోశారు. పార్కులోని పిల్లల వినోద కేంద్రం ఆ వేసవి చాలావరకు నష్టపోయింది. 2019లో సరస్సు మళ్లీ పొంగింది. షెరీఫ్ వస్తే వంతెన దగ్గర ఆపారు గానీ, నీళ్లని ఆపడానికి ఏ కోర్టూ స్టే ఇవ్వదు. సంఘం పని ఇప్పుడు కట్టల ఎత్తు, పంపులు, ఒడ్డు కోత, పడవల వేళల మీదికి మళ్లింది.

ఇళ్ల అమ్మకాల పని సంఘానిది కాదు, ట్రస్టుది. ఇల్లు కావాలనుకునేవాళ్ల పేర్లతో అది ఒక జాబితా నడుపుతుంది. జాబితాలో చోటు 500 మందికే. పేరు నిలబెట్టుకోవడానికి ఏటా కొంత రుసుము కట్టాలి. ఎవరైనా ఇల్లు వదులుకుంటే ట్రస్టు జాబితాలో ఉన్నవాళ్లందరికీ కబురు చేస్తుంది. ఆసక్తి చూపినవాళ్లలో ఎవరి సంఖ్య ముందుంటే ఇల్లు వాళ్లది. ఏడాది మొత్తంలో అలా చేతులు మారే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. మూడొందలో, నాలుగొందలో సంఖ్య ఉన్నవాళ్లు తమ పేరు పిలిచేసరికి ముసలివాళ్లయిపోతామని తెలిసే రుసుము కడుతుంటారు. మధ్యలో విసుగెత్తి ఎవరైనా తప్పుకుంటే ఆ ఖాళీలోకి కొత్త పేరు చేర్చాలి. దానికీ పోటీ ఎక్కువే కాబట్టి లాటరీ తీస్తారు. గెలిచినవాళ్లకి వచ్చేది ఇల్లు కాదు, బారులో చివరి చోటు.